పదకొండో బొట్టు

పోయిన వారం మనం ఉదయశ్రీని మోతీనగర్‌లో, ఓంప్రకాష్ పాత సామాను గోదాములో, విరిగిన మోటార్ల మధ్య మోకాళ్ల మీద వదిలిపెట్టి వచ్చాం. ఆమె చేతిలో సబ్బుపెట్టెంత నల్ల కార్డు ఒకటి ఉంది. దానికోసం నెల రోజులుగా ఆమె ఫోన్ చేయని ఊరు లేదు. చెన్నైలో లేదన్నారు, పుణెలో లేదన్నారు, సూరత్‌లో ఒకాయన నవ్వి ఫోన్ పెట్టేశాడు. చివరికి ఇంటికి అరగంట దూరంలో, ఒక గోనెసంచి అడుగున దొరికింది.

అది దేనికో తెలియని వారికి ఇక్కడే చెప్పుకోవాలి. ఫిల్మ్‌నగర్ గుట్ట మీది వింధ్య స్టూడియోలో షూటింగులు జరిగే పెద్ద షెడ్లు రెండున్నాయి. వాటిని ఫ్లోర్లంటారు. ఒక్కో ఫ్లోర్ పైకప్పు కింద, లైట్లన్నీ వేలాడదీసే లారీ అంత ఇనుప చట్రం ఉంటుంది. మోటార్లతో పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. లైట్‌మన్లు దాన్ని ఝూలా అంటారు. ఝూలాను నడిపే కంట్రోల్ పెట్టెలో ఈ కార్డు మెదడు లాంటిది. ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో అందులో ఒక్కో ఆజ్ఞా ఒక్కో గీతగా రాసి ఉంటుంది. కరెంటు పోయినా, పెట్టెలోంచి పీకేసినా, ఏళ్లు గడిచినా ఆ రాత చెరగదు.

రెండో ఫ్లోర్ కార్డు పాడైంది. తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌ను ఆపేసి పద్దెనిమిదేళ్లయింది. సోమవారం నుంచి అక్కడ పెద్ద పాట షూటింగు. మేనేజరు పట్టాభిరామయ్య ఊరంతా అడిగించి, ఇలా ఆగిపోయిన భాగాలను వెతికిపెట్టడమే పనిగా బతికే ఉదయశ్రీకి కబురు పెట్టాడు. ఆమె ఎవరి కూతురో ఆయనకు తెలియదు. పధ్నాలుగేళ్ల కిందట ఒకటో ఫ్లోర్‌లో ఝూలా ఆగకుండా మీదికి దిగి, లాస్య అనే డాన్సర్ చనిపోయింది. ఆ రోజు బొత్తాం దగ్గర నిలబడిన ఆపరేటరు భిక్షం. ఆయన కూతురే ఉదయశ్రీ.

*

గురువారం పొద్దున పది గంటలు. కృష్ణానగర్‌లో, డ్రెస్సులు కిరాయికిచ్చే షాపు మీద ఉదయశ్రీ పని గది. కింద తాడు మీద పోలీసు యూనిఫారాలూ రాజుల అంగరఖాలూ పక్కపక్కనే ఆరుతున్నాయి. పైన గదిలో మూడు గోడలకూ ఇనుప అరలు. ప్రతి వస్తువుకూ ఒక చీటీ. చీటీ మీద మోడల్ పేరు, కింద కంపెనీ దాన్ని ఆపేసిన తేదీ. ఓంప్రకాష్ వచ్చినప్పుడల్లా ఆ చీటీలు చూసి నవ్వుతాడు.

"క్యా ఉదయమ్మా, గిది దుకాణమా, తద్దినాల లిస్టా? ఎవడు ఏ తారీఖున పోయిండో అన్నీ రాసి పెట్టినవ్."

ఉదయశ్రీ నవ్వదు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. రాసి పెట్టుకున్నది పోదని ఆమెకు గట్టి నమ్మకం.

పాత కార్డు ఏది చేతికొచ్చినా మూత విప్పి చూడకుండా ఆమె ఎవరికీ ఇవ్వదు. అలవాటు ప్రకారం చిన్న స్క్రూడ్రైవర్ తీసింది. రెండు స్క్రూలు వదిలాయి. మూత తిరగేసి బల్ల మీద పెట్టింది.

మూత లోపలి వైపు ఎర్రటి చుక్కలు వరుసగా ఉన్నాయి.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. నూనెలో కలిపిన కుంకుమ. కొన్ని ఎండి నల్లబడ్డాయి, కొన్నింటికి ఇంకా ఎరుపు మిగిలింది. ప్లాస్టిక్‌ను కరుచుకుని, గోటితో గీకితే తప్ప పోనట్టుగా ఉన్నాయి.

దసరాకు యంత్రాలకు బొట్టు పెట్టని పనివాడు ఈ ఊళ్లో లేడు. అందరూ పెట్టె తలుపు మీద పెడతారు, దండ వేస్తారు, నిమ్మకాయ కట్టి ఫోటో దిగుతారు. భిక్షం మాత్రం పూజంతా అయ్యాక, జనం లడ్డూల దగ్గరికి పోయాక, పెట్టె తెరిచి కార్డు మూత విప్పి లోపల ఒక్క బొట్టు పెట్టేవాడు. పదేళ్ల ఉదయశ్రీ కుంకుమ గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది. లోపలెందుకు నాయినా అని అడిగితే, "పైన పెట్టింది ఓనర్లకు బిడ్డా, లోపల పెట్టింది దానికి" అనేవాడు.

ఒకటో ఫ్లోర్ తెరిచింది రెండువేల ఒకటిలో. ఆ దసరాకు మొదటి బొట్టు. ఏడాదికొకటి. రెండువేల పది దసరాకు పదోది. మరుసటేడు జూన్ పదిహేడు, శుక్రవారం, ఝూలా దిగింది. ఆ వెంటనే షార్ట్ సర్క్యూట్ అయి కార్డు కాలిపోయిందని స్టూడియో చెప్పింది, పోలీసులు అదే రాసుకున్నారు. అంటే ఈ మూత లోపల పది బొట్లుండాలి. అసలైతే ఈ మూతే ఉండకూడదు.

ఉదయశ్రీ ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

పదకొండు.

ఫోన్ మోగి ఆమె ఉలిక్కిపడింది. పట్టాభిరామయ్య.

"అమ్మా ఉదయశ్రీ గారూ, రాత్రి మీ మెసేజి చూశానండీ. మీ నోట్లో పంచదార పొయ్యాలి! మా ఫోర్‌మన్ బాలనర్సయ్యని మూడింటికి మీ దగ్గరికి పంపిస్తున్నాను. చేతికిచ్చేయండి."

"ఒకసారి టెస్ట్ చేసి ఇస్తానండీ."

"అబ్బే, అక్కర్లేదండీ. రాగానే పాతదంతా చెరిపేసి మా వాళ్లు కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తారు. అందులో ఏవుందో ఎవడికి కావాలి చెప్పండి!"

ఫోన్ పెట్టేశాక ఆమె మూతను రుమాల్లో చుట్టింది. ఇంకా అయిదు గంటల వ్యవధి ఉంది.

*

రహమత్ నగర్‌లో తండ్రీకూతుళ్లది రెండు గదుల ఇల్లు. ఆ ఇంటి పైకప్పుకు ఫ్యాన్ లేదు. కొక్కెం కూడా భిక్షం కోయించేశాడు. నెత్తి మీద ఏదీ వేలాడకూడదు. పెళ్లికి పోతే షామియానా బయట కుర్చీ వేసుకుని తింటాడు. బస్సెక్కితే మెట్టు మీదే నిలబడతాడు. కేసు ఏడేళ్లు నడిచి, సాక్ష్యం చాలక కోర్టు కొట్టేసింది. భిక్షం తనను తాను వదల్లేదు.

ఆమె వెళ్లేసరికి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఉదయశ్రీ ఏమీ చెప్పకుండా రుమాలు విప్పి ముందు పెట్టింది.

భిక్షం చాలాసేపు చూశాడు. లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. పంచెకు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఉంగరపు వేలిని బొట్ల మీదుగా, తగలనీయకుండా, వరుసగా నడిపించాడు.

"పది నావి" అన్నాడు. వేలు చివరిదాని దగ్గర ఆగింది. "గిది నాది కాదు."

"ఎట్ల చెప్తవ్?"

"నేను గుండ్రంగ పెడ్త. గిది బొటనవేలుతోని పెట్టింది, కిందికి గుంజిండు సూడు. బాలనర్సయ్య గిట్లనే పెడ్తడు. ఎన్ని సార్లు తిట్టిన్నో. పెండ్లిపిల్లకు తిలకం దిద్దుతున్నవారా అని."

బాలనర్సయ్య తొమ్మిదేళ్లు భిక్షం చేతికింద పనిచేసిన మనిషి. ఒకే టిఫిన్ గిన్నెలో తిన్నారు. ఉదయశ్రీ అతన్ని కాకా అని పిలిచేది. ప్రమాదం జరిగిన మూడు రోజులకు పోలీస్ స్టేషన్‌లో, "ఉస్తాద్ వేలు బొత్తాం మీదనే ఉంది, నేను కండ్లార చూసిన" అని చెప్పింది కూడా అతనే.

"అంటే కార్డు కాలలే నాయినా. ఆ దసరా దాంక ఉన్నది. గాయన దగ్గరున్నది."

భిక్షం కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు.

"దీన్ని చదువుతా. ఆకుపచ్చ బొత్తాం పట్టినంతసేపే ఝూలా దిగాలె, వేలు తీస్తే ఆగాలె. గదే కదా పద్ధతి? వేలు తీసినా ఆగకుండ పట్టి ఉంచే గీత ఒక్కటి ఎవరన్న అందులో రాసిండ్రా లేదా, అది చూస్తే చాలు. రాసి ఉంటే నీ తప్పు లేదు."

"వద్దు."

"ఎందుకు?"

"వద్దన్న కదనే!"

ఆయన గొంతు పెంచి ఎన్నేళ్లయిందో. పక్కింటి ఆడమనిషి తొంగిచూసి తల లోపలికి తీసుకుంది. భిక్షం చిక్కుడుకాయల చేటను పక్కకు జరిపాడు. తర్వాత వచ్చిన మాటలు చాలా మెల్లగా వచ్చాయి.

"నాకు యాదికి లేదు బిడ్డా."

"ఏంది?"

"వేలు ఎత్తిన్నో లేదో. ఎత్తిన అని పోలీసులకు చెప్పిన. జడ్జికి చెప్పిన. మీ అమ్మ పొయ్యేనాడు గూడ అడిగింది, ఎత్తిన అనే చెప్పిన. కండ్లు మూస్తే ఆ వేలు బొత్తాం మీదనే ఉంటది. ఎత్తుతున్న, ఎత్తుతున్న... ఎత్తినట్టు కనబడదు. పాట మోగుతున్నది. అందరు ఉరికిండ్రు. గా పిల్ల తన మార్కు కాడనే నిలబడ్డది, మాస్టర్ కట్ చెప్పలేదని. పైకి చూసింది అనుకున్నరందరు. పైకి గాదు. నన్ను చూసింది."

పధ్నాలుగేళ్లుగా ఉదయశ్రీ తండ్రిని నమ్మింది. ఆయన తనను తానే నమ్మడం లేదని ఈ రోజే తెలిసింది. చదివితే ఆ రాత ఆయన్ని విడిపించవచ్చు. లేదా, ఇక ఎప్పటికీ లేవకుండా అక్కడే పాతిపెట్టవచ్చు.

"నాయినా, మూడింటికి బాలనర్సయ్య వస్తుండు. కార్డు తీస్కపోతరు. చెరిపేస్తరు. ఇగ నీకూ తెల్వదు, నాకూ తెల్వదు."

"వాడొస్తుండా?"

"ఆయన్నే పంపుతుండ్రు."

భిక్షం లేచాడు. మోకాళ్లు పట్టుకుని ఒక క్షణం నిలబడి, గోడ వైపు చూశాడు.

"అంగీ తీస్కరా" అన్నాడు.

*

మెట్లెక్కి వచ్చిన బాలనర్సయ్య హెల్మెట్ చంకలో పెట్టుకుని, కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ గదిలోకి తొంగిచూశాడు. ఒళ్లు చేశాడు. మీసం తెల్లబడింది.

"మేడం, వింధ్య నుంచొచ్చిన. సార్ పంపిండు. కార్డు..."

మాట అక్కడే తెగింది. అరల మధ్య స్టూలు మీద కూర్చున్న మనిషిని చూశాడు. హెల్మెట్ జారి నేల మీద దొర్లింది. ఎవరూ దాన్ని తీయలేదు.

"ఉస్తాద్..."

వంగి కాళ్లకు చెయ్యి చాపాడు. భిక్షం కాళ్లు వెనక్కు తీసుకున్నాడు. బల్ల మీది మూతను తిప్పి అతని వైపు జరిపాడు.

"ఇన్నేండ్లయినా బొట్టు పెట్టుడు రాలే నీకు" అన్నాడు.

బాలనర్సయ్య ఆ చుక్కలు చూశాడు. అతని మొహం చూస్తుండగానే పదేళ్లు ముసలిదయింది. చేతికందిన అర పట్టుకున్నాడు. దాని మీది చీటీలు కదిలాయి.

"కూసోండి బాలనర్సయ్య గారూ" అంది ఉదయశ్రీ.

"గారు అంటున్నవా బిడ్డా? ఉదయవే కదా నువ్వు? కాకా అని భుజం ఎక్కినదానివి..."

"కూసోండి."

కూర్చున్నాడు.

"కాలిపోయిందన్నరు. ఇది ఎట్ల మిగిలింది?" అంది ఉదయశ్రీ.

"నేనే పీకిన." దాచే ప్రయత్నమేదీ చేయలేదు. ఎవరో అడగాలని ఇన్నాళ్లూ ఎదురుచూసిన వాడిలా చెప్పాడు. "అంబులెన్స్ పోయినంక, అందరు గేటు కాడుంటే, లోపలికి పోయి పీకిన. దాని జాగల పాత పాడైన కార్డు పెట్టి, రెండు వైర్లు తాకిచ్చిన. గది కాలింది. ఇది టిఫిన్ గిన్నెల పెట్టుకొని ఇంటికి తెచ్చిన."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది!" భిక్షం వైపు తిరిగాడు. "ఉస్తాద్, నీ వేలు బొత్తాం మీదనే ఉంది. నేను చూసిన. అబద్ధం చెప్పలే నేను స్టేషన్ల. వేలు మీదున్నది. కార్డు దొరికితే ఇంజనీర్లు చదువుతరు, వేలు ఎత్తకనే ఝూలా ఆగలేదని కాగితం మీద రాసిస్తరు, నీకు జైలు పడ్తది. నా మాట ఒక్కటైతే వకీలు కొట్టేస్తడు. కాగితాన్ని కొట్టెయ్యనీకి రాదు కదా. అందుకే దాసిన. నీకోసమే దాసిన."

"మరి బొట్టు?"

"దసరా వచ్చింది." బాలనర్సయ్య మూతను దగ్గరికి జరుపుకున్నాడు. "దేవుని పటం వెనక పెట్టిన దాన్ని. ఇంట్ల కత్తెరకు పెట్టిండ్రు, కుట్టు మిషనుకు పెట్టిండ్రు, నా బండికి పెట్టిండ్రు. అది ఒక్కటే లోపల ఉత్తగ ఉన్నది. పదేండ్లు నువ్వు పెట్టినదాన్ని ఉత్తగ ఎట్ల ఉంచాలె? తప్పని తెల్సు. పట్టిస్తదని తెల్సు. అయినా చెయ్యి ఆగలే ఉస్తాద్."

కింద షాపువాడు ఎవరితోనో రాజు కిరీటం వెనక్కు ఇవ్వలేదని కొట్లాడుతున్నాడు.

"నా పెండ్లాం దేవమ్మకు గూడ చెప్పలే. అయినా ఆమెకు నిద్ర పట్టకపోయేది. గోడల ఏదో గుర్రుమంటున్నది, మోటార్ తిరిగినట్టున్నది అనేది. నాకేం ఇనబడలే. నేను ఆ గోడ దిక్కు తల పెట్టి పండుకోలే, అంతే. ఏడాదికి తట్టుకోలేక తుక్కుల ఏసిన. ఎక్కడో కరిగిపోయింది అనుకున్న."

ఉదయశ్రీ బల్ల సొరుగులోంచి ఇటుకంత పాత చేతి యంత్రం తీసింది. రెండు వరుసల తెర, కింద అరిగిపోయిన మీటలు. ఆ కార్డులను చదవగలిగేదీ, వాటిలో రాయగలిగేదీ ఆ రకం యంత్రమొక్కటే. అది కూడా తయారీ ఆగిపోయినదే.

బాలనర్సయ్య సగం లేచాడు. "బిడ్డా, చదువకు. నీ కాళ్లు మొక్కుత. ఇన్నేండ్లు ఎత్తిన్నేమో అన్న ఒక్క ఆశ మీద బతికిండు. గది గూడ తీసేస్తవా?"

ఉదయశ్రీ తండ్రి వైపు చూసింది.

భిక్షం తల ఎత్తలేదు. "చదువు" అన్నాడు.

కార్డు లోపలికి దిగి టక్కుమంది. తెర పచ్చగా వెలిగింది. ఆమె ఒక్కో గీతా చదువుతూ పోయింది. పైకి బొత్తాం. కిందికి బొత్తాం. ఆపే బొత్తాం. కిందికి బొత్తాం గీత దగ్గర ఆగింది. ముందుకు పోయి, వెనక్కు వచ్చి, మళ్లీ చూసింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ఆ చదువంతా ఆ ఇంట్లో వాళ్లకు నిజం చదివి చెప్పడానికే చదివింది.

"పట్టి ఉంచే గీత లేదు నాయినా. వేలు తీస్తే ఆగాలె అనే ఉన్నది."

భిక్షం తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. కుడిచేతి చూపుడువేలును ఎడమచేత్తో పట్టుకుని, ఇంకెవరిదో వేలు చూసినట్టు చూశాడు.

"అయితే నేనే" అన్నాడు.

బాలనర్సయ్య కర్చీఫ్ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కాడు. "చెప్పిన కదా... చెప్పిన కదా బిడ్డా..."

ఉదయశ్రీకి ఏడుపు రాలేదు. తండ్రిని ఇంటికెలా తీసుకుపోవాలి, ఈ మెట్లెలా దింపాలి అనుకుంటూ, పని పూర్తిచేసే అలవాటు కొద్దీ చివరి పేజీ దాకా మీట నొక్కింది. చివరి పేజీలో రాత ఎప్పుడు జరిగిందో ఉంటుంది. కార్డులకైతే చీటీ మీద ఆ తేదీ కూడా ఆమె రాసుకుంటుంది.

పందొమ్మిది, జూన్, రెండువేల పదకొండు. పొద్దున పదకొండు నలభై.

చీటీ మీద పందొమ్మిది అని రాసి, పెన్ను ఆపింది.

"కాకా" అంది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "కార్డు పీకింది శుక్రవారమేనా?"

"అదే సాయంత్రం."

"మళ్లా ఎవరికన్న ఇచ్చినవా?"

"ఎవ్వలకు ఇయ్యలే. పటం వెనకనే ఉన్నది."

"మరి ఆదివారం పొద్దుగాల దీంట్ల రాసిందెవరు?"

బాలనర్సయ్య కర్చీఫ్ దించాడు.

"చదివితే తేదీ పడదు కాకా. కొత్తగా రాస్తేనే పడ్తది. ఉన్నది ఉన్నట్టే ఉంటే మళ్లా ఎవ్వరూ రాయరు. ఏదో తీసేసి రాసిండ్రు. శుక్రవారం ఇందులో ఉన్నది ఇది కాదు."

భిక్షం తల ఎత్తాడు. ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి.

బాలనర్సయ్య తలుపు వైపు ఒకసారి చూశాడు. "సార్‌కు తెల్సిపోయింది" అన్నాడు. "నేను పీకంగ వాచ్‌మన్ చూసి పట్టాభిరామయ్య సార్‌కు చెప్పిండు. శనివారం పిలిచిండు. తిడ్తడనుకున్న. భుజం మీద చెయ్యేసి, మంచి పని చేశావయ్యా, భిక్షం కోసమే చేశావని నాకు తెలుసు, ముందు అందులో ఏముందో చదివిద్దాం అన్నడు. ఆదివారం చెక్‌పోస్ట్ కాడికి కారొచ్చింది. కార్ల ఒక ఇంజనీర్ సార్. ఇసొంటిదే మిషను ఒడిల పెట్టుకొని కూసున్నడు. నేను బయట నిలబడ్డ. పది నిమిషాలు. అద్దం దించి ఒక్క మాట చెప్పిండు. 'మీవాడి వేలే' అన్నడు. కార్డు నా చేతిల పెట్టి, ఎవరికీ చూపెట్టకు అన్నడు."

"నువ్వు నమ్మినవ్" అన్నాడు భిక్షం.

"సదువుకున్నోడు ఉస్తాద్! తెర చూసి చెప్పిండు. నాకేమొస్తది అండ్ల? ఆయన చదువుతుండనే అనుకున్న. రాస్తుండని నాకెట్ల తెలుస్తది? ఆ మాట పట్టుకొనే మర్నాడు స్టేషన్‌కు పోయిన. వేలు మీదున్నదని గట్టిగ చెప్పిన. అంతకుముందు... అంతకుముందు నాకు గూడ పక్కా లేకుండే ఉస్తాద్. పొగల, లైట్లల్ల, నేను నీ చెయ్యి చూసిన. వేలు చూసిన్నో లేదో."

అతను చేతులు జోడించాడు. భిక్షం వాటిని విడదీయలేదు, పట్టుకోలేదు.

"ఆయన పేరేంది?" అని అడిగాడు.

"తెల్వదు. సార్ అన్న, అంతే. బిడ్డా, రాసినోని పేరు గూడ ఉంటదా అండ్ల?"

ఉంటుంది. ఆ రకం యంత్రం పేరు అడగకుండా రాయనివ్వదు. తేదీ కింది వరుసలో ఉంటుంది. కిందికి బాణం ఉన్న మీట నొక్కి పట్టుకుంటే అది మెల్లగా పైకి జరుగుతుంది. ఉదయశ్రీ మీట మీదికి వేలు పోనిచ్చింది.

"ఆగు" అన్నాడు భిక్షం. స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "నేను నొక్త. ఏది?"

ఆమె చూపించింది. ఆయన కుడిచేతి చూపుడువేలు గాలిలో ఒకసారి ఆగింది. తర్వాత మీట మీద దిగింది. పధ్నాలుగేళ్లలో ఆయన ఏ బొత్తామూ నొక్కలేదు. ఇంట్లో లైటు కూడా కూతురే వేసేది.

తెర మీద తేదీ పైకి జరిగింది. కింద నుంచి నల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి నిలిచాయి.

భిక్షానికి ఇంగ్లీషు రాదు. బాలనర్సయ్యకు సంతకం తప్ప ఏ అక్షరమూ రాదు. ఇద్దరూ తెర వైపు చూడలేదు. ఆమె మొహం వైపు చూశారు.

ఉదయశ్రీ ఆ పేరు చదివింది. చివర 'సార్' అని చేర్చకుండా ఆమె ఏనాడూ పలకని పేరు అది. ఏమీ తెలియని రోజుల్లో, ఒక్క రూపాయి తీసుకోకుండా, ఈ గీతల్ని ఎలా చదవాలో ఆమెకు నేర్పిన మనిషి పేరు. భిక్షం కూతురివని తెలుసమ్మా, అందుకే నేర్పుతున్నాను అని, ఒకనాడు అంతకు మించి చెప్పకుండా తల తిప్పుకున్న మనిషి పేరు. ఇవాళ్టికీ, చేతికొచ్చిన కార్డు అర్థం కానప్పుడు, ఆమె మొదట ఫోన్ చేసేది ఆయనకే.

"కార్ల ఇంజనీర్ సార్ గూడ గిట్లనే చూసిండు తెర దిక్కు, మాట్లాడకుండ" అన్నాడు బాలనర్సయ్య.

"ఏమని ఉంది బిడ్డా?" భిక్షం వేలు ఇంకా మీట మీదే ఉంది. "ఎవరి పేరు?"

ఉదయశ్రీ తెర మీదికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరో నాయినా" అంది. "నాకు తెల్వని పేరు."